స్టార్ అంటే ఏ స్టార్

మా ముత్తాత గోదావరి ఒడ్డున ఒక చిన్న సంస్థానానికి దివాను. ఆయన గుర్రబ్బండి వీధి మొగలో కనిపిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. మా తాతగారు ఆనరరీ మేజిస్ట్రేటు. జీతం తీసుకోకుండా తీర్పులు చెప్పడమే ఆయన హోదా. మా నాన్నగారు ఆ ఇద్దరి పేర్లూ అప్లికేషనులో రాసి సహకార బ్యాంకులో గుమాస్తా అయ్యారు. ఆస్తి ఎలా పోయిందో మా బంధువులు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారు. అందరూ ఒప్పుకునేది ఒకటే: ఎవరో నమ్మించి ముంచారు. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం చెప్పేవాళ్లను బట్టి మారుతుండేది. అందుకే మా ఇంట్లో పిల్లలకు రెండు సంగతులు చిన్నప్పుడే నేర్పేవారు. కుర్చీలో వెన్ను ఆనించి కూర్చోకూడదు. ఎదుటివాడు నవ్వుతూ మాట్లాడుతుంటే వాడి చేతుల వంక చూడాలి.

ఈ రెండూ పాటిస్తూనే నేను టెక్సాస్‌లోని ప్లేనోలో ఏసీ మెకానిక్‌నయ్యాను.

యాభై దాటాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. వీడియో మీటింగులో ఒక అమ్మాయి, నా పేరు తప్పుగా పలుకుతూ, నా సేవలకు ధన్యవాదాలు చెప్పింది. మళ్లీ అలాంటి మీటింగులో కూర్చోకూడదని ఆ రోజే అనుకున్నాను. గ్రీన్ కార్డు వచ్చి చాలాకాలమైంది కాబట్టి ఏ పని చేసుకున్నా అడిగేవాళ్లు లేరు. కమ్యూనిటీ కాలేజీలో ఏసీ, హీటింగ్ కోర్సు చదివాను. తర్వాత మా ఊళ్లోనే చిన్న ఏసీ కంపెనీ నడుపుతున్న ఒక తెలుగాయన దగ్గర టెక్నీషియన్‌గా చేరాను.

ఆయన కరీంనగర్ వైపు మనిషి. నాకన్నా కొన్నేళ్లు చిన్న. ఆయనా ఒకప్పుడు సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేసినవాడే. కంట్రాక్టర్ లైసెన్సు ఆయనది, వ్యాన్లు ఆయనవి, ఫోన్ నంబరు ఆయనది. నేను చేరిన రోజు ఆయనన్న మాట నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అన్నా, నువ్వు నా కింద పని చేస్తున్నవని అనుకోకు. నీ ఎక్స్‌పీరియెన్స్ నిండనీ. నీకూ లైసెన్స్ వస్తది. అప్పుడు ఫిఫ్టీ ఫిఫ్టీ. బోర్డు మీద ఇద్దరి పేర్లు ఏపిస్త."

లైసెన్సు పరీక్షకు కూర్చోవాలంటే లైసెన్సున్నవాడి కింద కొన్నేళ్లు పనిచేసినట్టు ఆయన సంతకం ఉండాలి. ఆ సంతకం కోసం, ఆ సగం కోసం నేను ఆయన వ్యాన్ ఎక్కాను. ఆయన ఆ మాట నవ్వుతూ చెప్పాడు. నేను ఆయన చేతుల వంక చూశాను. చేతుల్లో కాఫీ కప్పు తప్ప ఏమీ లేదు.

మా పనిలో ఒక ఆచారం ఉంది. నిచ్చెనలు, గేజీలు, వాక్యూమ్ పంపు లాంటి పెద్ద సామాను కంపెనీ ఇస్తుంది. చేతి పనిముట్లు ఎవరివి వాళ్లు కొనుక్కోవాలి. మొదటి వారంలోనే ఇద్దరం ఏసీ సామాన్ల హోల్‌సేల్ షాపుకు వెళ్లాం. స్క్రూడ్రైవర్ల గోడ ముందు నిలబడితే, మా తాతగారి బెంచి ముందు నిలబడ్డ సాక్షుల్లా ఒక్కొక్కటీ తనదే నిజమన్నట్టు వేలాడుతున్నాయి.

మా కంట్రాక్టర్ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఒకే పిడి. అందులోనే అన్ని మొనలూ. మూతి తిప్పితే ఒకటి, తీసి తిరగేస్తే ఇంకొకటి.

"ఇదొక్కటి చాలన్నా. జేబులేసుకో, దునియా తిరుగు."

కౌంటర్ దగ్గర ముసలి అమెరికన్ తల అడ్డంగా ఊపాడు. కరెంటు పని చేసేవాడు తొడుగున్న సెట్టే కొనాలన్నాడు.

"ఆయన మాట ఇనకు. అమ్మేటోడు గట్లనే చెప్తడు," అన్నాడు మావాడు తెలుగులో, ముసలాయనతో నవ్వుతూ.

నేను ఇద్దరినీ నమ్మలేదు. ఒకే మనిషి దివానూ, ఖజానాదారూ, కాపలావాడూ అయిన చోట ఏమవుతుందో మా వంశంలో తెలుసు. అన్ని మొనలూ ఒకే పిడిలో ఉన్నదాంట్లో లోహపు గొట్టం పిడి లోపలికంటా వెళుతుంది. బయట ఎంత మెత్తటి రబ్బరున్నా లోపల ఏముందో కనిపించదు. అలాగని ముసలాయన చూపించిన సెట్టు కూడా గుడ్డిగా కొనలేదు. ఒక్కొక్కటే విప్పించి, పిడి దగ్గరా మొన దగ్గరా వేలితో తడిమి చూశాను.

కరెంటు తగలకుండా చేసే తొడుగులో మంచి రకానికి రెండు పొరలుంటాయి. పైన ఎరుపు, కింద పసుపు. ఎర్రపొర తెగి పసుపు కనిపించిందంటే అది ఇక కరెంటు పనికి పనికిరాదు. తన లోపాన్ని తానే బయటపెట్టుకునే వస్తువు. ఆ గుణం నాకు నచ్చింది. కానీ తొడుగు వల్ల కడ్డీ లావవుతుంది. లోతైన సన్నటి గుంటలో ఉన్న స్క్రూ దాకా దిగదు. కాబట్టి అన్నీ తొడుగువే కొంటే సగం పనులకు అడ్డం. కరెంటు ఉండే చోటుకు తొడుగువి, మిగతా చోట్లకు సన్నటి కడ్డీవి కొన్నాను. బయటి యూనిట్ రేకు మూతలకు ఉండే స్క్రూలకు ఆరుపలకల తల. వాటికి స్క్రూడ్రైవర్ కాదు, గొట్టంలాంటి మూతి ఉన్న నట్ డ్రైవర్ కావాలి. దాని మూతిలో అయస్కాంతం ఉండాలి, లేకపోతే ఊడిన స్క్రూ గడ్డిలో పడి మాయమవుతుంది. థర్మోస్టాట్ లోపలి స్క్రూలకు కళ్లజోళ్ల షాపులో వాడేంత చిన్న చదును మొన. ప్లస్ మొనవి మాత్రం మూడు సైజులు తీసుకున్నాను. చిన్న ప్లస్‌ని పెద్ద గుంటలో పెట్టి బలంగా తిప్పితే జారిపోయి తల అరుగుతుంది. అరిగిన స్క్రూ తర్వాత ఎవరికీ లొంగదు.

"పెండ్లిచూపులు అయినయా దొరా?" అన్నాడు కంట్రాక్టర్, బిల్లు కట్టి వస్తుంటే.

దొరా అన్నది మొదటిసారి ఆ రోజే. కరీంనగర్ మనిషి నోట ఆ మాటకు ఎంత బరువుంటుందో నాకు తెలియనిది కాదు. గౌరవంగా అన్నాడా, వెక్కిరించాడా? మా వాళ్ల సంగతి ఎప్పుడైనా ఆయనతో చెప్పానా అని ఇంటికి వెళ్లేదాకా ఆలోచించాను. చెప్పలేదు. నా నడుము నిటారుగా ఉండటం చూసి అని ఉండాలి. వెక్కిరింతేనని నిర్ణయించుకున్నాను.

ఇండియాలో ప్లస్ మొన స్క్రూడ్రైవర్‌ని మనం స్టార్ అంటాం. హైదరాబాద్‌లోనైనా కాకినాడలోనైనా ఎలక్ట్రీషియన్ "స్టార్ ఇవ్వండి" అంటే ప్లస్సే ఇస్తాం. ఇక్కడ స్టార్ అంటే వేరు. ఆరు కొసలుండే నక్షత్రం గుంట. కొత్తరకం యూనిట్లలో కంట్రోల్ బోర్డు మూతలకు ఆ గుంట స్క్రూలుంటాయి. కాలేజీలో దాని అసలు పేరు చెప్పారు కానీ, పనిలో అందరూ అనేది స్టార్ అనే.

ఒక అమెరికన్ ఇంట్లో, కప్పుకూ సీలింగుకూ మధ్య ఉండే అటిక్‌లో, జూన్ ఎండకు ఊపిరాడకుండా ఉంది. నిలబడే ఎత్తు లేదు. నేను మోకాళ్ల మీద, ఆయన పొట్ట మీద. మెషిన్ వెనకనుంచి చెయ్యి చాపాడు.

"అన్నా, స్టార్ ఇయ్యి."

ప్లస్ ఇచ్చాను.

"ఇదేంది? స్టార్ అడిగిన, ప్లస్ ఇచ్చినవు."

"మీ హైదరాబాద్‌లో దీన్ని స్టార్ అనరా?"

"అంటరు. మనం హైదరాబాద్‌ల ఉన్నమా?" అని పెద్దగా నవ్వాడు. కింద నిచ్చెన దగ్గర ఇంటాయన "అంతా ఓకేనా?" అని ఇంగ్లీషులో అరిచాడు. మావాడు ఇంగ్లీషులోనే జవాబిచ్చాడు: ఓకే, మావాడు కొత్త, నేర్చుకుంటున్నాడు.

నేర్చుకుంటున్నాడు. సరే. నేర్చుకున్నాను. మర్నాడే వెళ్లి నక్షత్రం మొనల సెట్టొకటి కొన్నాను.

ఆ వారంలోనే మరో ఇంటికి వెళ్లాం. తెలుగువాళ్ల ఇల్లు. భర్త ఇంటినుంచే పనిచేస్తాడు. చెవిలో హెడ్‌సెట్, కాళ్లకు ఇంటి చెప్పులు. ఇల్లు వేడెక్కిపోతోందని మా చుట్టూ తిరుగుతున్నాడు. కంట్రాక్టర్ బయటి యూనిట్ ముందు కూర్చుని చెయ్యి చాపాడు.

"స్టార్ ఇయ్యన్నా."

నేను నక్షత్రం మొన సెట్టు తెరిచి, సైజు చూసి మరీ ఇచ్చాను.

ఆయన దాన్ని ఎండలోకి ఎత్తి చూశాడు. "దొరలకు పగలు గూడ చుక్కలు గావాలె. నాకు ప్లస్సు ఇయ్యన్నా, ప్లస్సు."

ఇంటాయన పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. నన్ను నలుగురిలో చిన్నబుచ్చడానికే ఆ మాట అర్థం మారుస్తున్నాడని అనుకున్నాను. కొన్నాళ్లు గమనించాక అందులో ఒక పద్ధతి కనిపించింది. ఇంటివాళ్లు తెలుగువాళ్లయితే ఆయన నోట్లో హైదరాబాద్ లేస్తుంది. అప్పుడు స్టార్ అంటే ప్లస్. ఇంటివాళ్లు అమెరికన్లయితే స్టార్ అంటే నక్షత్రం. గుజరాతీ ఇంట్లో మాత్రం ఏదో చెప్పలేం. అక్కడ రెండూ చేతిలో పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ సంగతి ఆయనకు తెలుసో తెలియదో ఎప్పుడూ అడగలేదు. తెలిసే చేస్తున్నాడని నా నమ్మకం.

ఆ హెడ్‌సెట్ తెలుగాయన ఇంట్లోనే ఇంకొకటి జరిగింది. కరెంటు ఆపేశాం. కంట్రాక్టర్ కొత్త పార్టు కోసం వ్యాన్ దగ్గరికి వెళ్లాడు. ఇంటాయన లోపలికెళ్లి ఒక టెస్టర్ తెచ్చాడు. ఇండియానుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నది, పెన్నులా జేబుకు తగిలించుకునే క్లిప్పుతో, లోపల చిన్న దీపం వెలిగేది.

"నేను చెక్ చేస్తానంకుల్," అన్నాడు. నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడేమో. అంకుల్ అన్నాడు. అక్కడా ఇక్కడా పెట్టి చూశాడు. "కరెంట్ లేదు. లైట్ వెలగట్లేదు." అంటూ లోపలున్న డబ్బాలాంటి కెపాసిటర్ మీద చెయ్యి పెట్టబోయాడు.

మణికట్టు పట్టుకుని ఆపాను. కెపాసిటర్ అంటే కరెంటును దాచిపెట్టుకునే డబ్బా. లైను ఆపేసినా దాని కడుపులో ఉండొచ్చు. అది దాచుకున్నది మన టెస్టర్‌కు కనిపించదు.

"మా నాన్న అన్నీ దీంతోనే చేసేవారండీ," అన్నాడు, కొంచెం నొచ్చుకుని.

"మీ నాన్నగారు చేసిన చోట ఈ డబ్బా లేదేమో," అన్నాను.

ఈలోగా కంట్రాక్టర్ వచ్చాడు. సంగతి విని, నా సంచిలోంచి తొడుగున్న చదును మొన స్క్రూడ్రైవర్ లాగి, కెపాసిటర్ కొనల మీద అడ్డంగా పెట్టాడు. టప్ మని నిప్పురవ్వ. ఇంటాయన చెప్పు వదిలేసి వెనక్కి గెంతాడు.

"అయిపాయె. ఇప్పుడు పట్టుకో," అన్నాడు మావాడు.

నా స్క్రూడ్రైవర్ మొన మీద ఎలుక కొరికినట్టు నల్లటి గాటు పడింది. రెసిస్టరు పెట్టి మెల్లగా ఖాళీ చేయాలని కాలేజీలో చెప్పారు. ఆయనకూ తెలుసు. ఆయన సంచిలో స్క్రూడ్రైవర్లు లేకా కాదు.

"మీది వాడొచ్చుగా?"

"చేతికి నీది దగ్గరున్నది. స్క్రూడ్రైవరే గదన్నా, వజ్రాల కత్తా?"

ఆ రోజునుంచి నా సంచి నా పక్కనుంచి కదలనివ్వలేదు. ప్రతి పిడికీ ఆకుపచ్చ టేపు ఒక చుట్టు చుట్టాను. ఆయన చూశాడు.

"ఏందన్నా, తాయెత్తులు కట్టినవు?"

"గుర్తు కోసం."

"దిష్టి తగులుతదనుకున్న," అన్నాడు. నవ్వాడు కానీ ఈసారి ఆ నవ్వు కొంచెం తొందరగా ఆగింది.

అలా కొన్నేళ్లకు, పరీక్షకు కావలసిన కాలం నాకు నిండే ఏడు, ఆగస్టులో ఆయన పొడుగు స్టార్ పోయింది. ఇంగ్లీషు స్టార్, నక్షత్రం మొనది. చాలా లోతున్న స్క్రూల కోసం కొన్న పొడుగు కడ్డీది. వ్యాన్‌లో వెతికాడు, సీట్ల కింద చూశాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

"నా పొడుగు స్టార్ నీ దగ్గరేమన్న ఉన్నదా అన్నా?"

"నా దగ్గర నావే ఉన్నాయి. టేపున్నవి."

"అట్ల కాదన్నా, పొరపాటున..."

"పొరపాటున కూడా ఇంకొకరి వస్తువు మా ఇంటికి రాదు."

ఆయన నా వైపు చూసి, వ్యాన్ తలుపు వేశాడు. ఆ సాయంత్రం నా సంచి మొత్తం బల్ల మీద బోర్లించి చూసుకున్నాను. ఆయనది లేదు. లేదని నాకు ముందే తెలుసు. అయినా చూశాను. ఎవరైనా కావాలని పెట్టి ఉంటే?

ఆ తర్వాత వరసగా కొన్ని వింతలు మొదలయ్యాయి. ఎన్నడూ వ్యాన్ కడగని మనిషి రెండు వ్యాన్లనూ కడిగించాడు. ఒక ఇంట్లో పని చేస్తుంటే, కాలర్ టీషర్టులు వేసుకున్న ఇద్దరు అమెరికన్లు రోడ్డవతల కారు ఆపుకుని మా వ్యాన్ ఫొటో తీసుకున్నారు. వాళ్లెవరని అడిగితే "ఎవరో ఉంటరు తియ్" అన్నాడు. ఒకరోజు పంపుల మీద, గేజీల మీద సీరియల్ నంబర్లు ఫోన్‌తో ఫొటోలు తీస్తూ, "అన్నా, నీ సంచిల కంపెనీ సామాన్లు ఏమన్న ఉన్నయా?" అన్నాడు. ఇంకా ఆ స్టార్ గురించే. ఇలా ఒక్కో సామానూ లెక్కపెట్టి నన్ను సోదా చేస్తున్నాడు.

మా ఆవిడతో చెప్పాను. ఆవిడ ఒక హాస్పిటల్ బిల్లింగ్ ఆఫీసులో పనిచేస్తుంది. నేను ఎవరిని అనుమానించినా ముందు నా ముఖంలోకి చూస్తుంది.

"ఒక స్క్రూడ్రైవర్ కోసం మిమ్మల్ని పార్టనర్ చేయకుండా మానేస్తాడా?"

"మానేయడానికి సాకు వెతుకుతున్నాడు. దొంగ అని ముద్ర వేస్తే సగం ఇవ్వక్కర్లేదు కదా."

"అయితే అడిగేయండి."

"నేను వెళ్లి, అయ్యా నేను దొంగను కాను అని చెప్పుకోవాలా? అడగడం మా ఇంట్లో లేదు."

"మీ ఇంట్లో ఇంకేం మిగిలిందండీ, అడక్కపోవడం తప్ప," అని లంచ్ డబ్బా మూత నొక్కి నా చేతికిచ్చింది.

నేను అడగలేదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఇండియన్ గ్రోసరీ షాపు ముందు వ్యాన్ ఆపాం. అక్కడి కౌంటర్‌లో ఇద్దరికీ టీ తీసుకుని తిరిగి వస్తున్నాను. కంట్రాక్టర్ వ్యాన్ అవతలి వైపు నిలబడి భార్యతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నేను రావడం ఆయనకు కనిపించదు.

"స్టార్ సంగతి శుక్రవారం తేలుతది. ఆ, ఫైనల్. అన్నకు ఇప్పుడే ఏం చెప్పకు. వదినకు గూడ చెప్పకు. ఊకెనే అనుమానం మనిషి, ఇంకేమన్న అనుకుంటడు... ఆ, తేలినంక నేనే చెప్త. బాధయితది గానీ ఏం చేస్తం?"

టీ కప్పులు రెండూ చేతిలోనే ఉన్నాయి. వేలు కాలింది. నిలబడ్డాను. శుక్రవారం తేలుతుందట. అనుమానం మనిషిని నేనట. ఆయన ఫోన్ పెట్టేదాకా ఆగి, దగ్గి, వెళ్లి కప్పు ఇచ్చాను. "థాంక్సన్నా," అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

శుక్రవారం పొద్దున ఆయన ఇంటికి నేనే ముందుగా వెళ్లాను. రోజూ ఆయనే మా ఇంటికి వ్యాన్ తెస్తాడు. గరాజ్ తలుపు తెరిచి ఉంది. రెండు వ్యాన్లూ పెళ్లికి వెళుతున్నట్టు మెరుస్తున్నాయి. నేను వ్యాన్ వెనక తలుపు తెరిచి, చాపలా టవల్ పరిచి, నా సంచిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా పేర్చాను. తొడుగువి ఒక వరస, సన్నటి కడ్డీవి ఒక వరస, నట్ డ్రైవర్లు, ప్లస్సులు, నక్షత్రాలు, కళ్లజోళ్ల సైజుది. అన్నిటి మీదా ఆకుపచ్చ టేపు. మొన మీద గాటు పడ్డదాన్ని అన్నిటికన్నా ముందు పెట్టాను.

ఆయన కాఫీతో బయటికొచ్చి ఆగిపోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేనెప్పుడూ చూడలేదు.

"ఏందన్నా ఇది? బొమ్మల కొలువా?"

"చూసుకోండి. మీ స్టార్ ఇందులో ఉందేమో మీ చేత్తో మీరే చూసుకోండి. శుక్రవారం తేలుతుందన్నారుగా. తేల్చండి."

"ఏం స్టార్?"

"మీరు మీ ఆవిడతో ఫోన్‌లో చెప్పిన స్టార్. నాకు చెప్పవద్దన్న స్టార్."

ఆయన ముఖంలో రంగులు మారాయి. మొదట భయపడ్డాడు. తర్వాత నా వరసల వంక చూశాడు, నా వంక చూశాడు. కప్పు వ్యాన్ బంపర్ మీద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన చేతి సైగతో ఆగమన్నాడు. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం నవ్వుకు కావలసిన దానికన్నా ఎక్కువసేపు సాగింది.

"ఆ స్టార్ కాదన్నా. ఆ పొడుగుది ఏదో అటిక్‌ల పడిపోయి ఉంటది, గాలికి వదిలేసిన. నేనన్నది కంపెనీ గురించి."

టెక్సాస్‌లో స్టార్ లేని బోర్డు కోసం వెతుక్కోవాలి. ఈ రాష్ట్రం జెండా మీదే ఒంటి నక్షత్రం ఉంది. పళ్ల డాక్టరు దగ్గర్నుంచి టైర్ల షాపు దాకా అందరి పేర్లలోనూ అదే. చిన్న చిన్న ఏసీ కంపెనీలను ఊరూరా కొనేస్తున్న ఒక పెద్ద కంపెనీ ఉంది. దాని పేరు చివర కూడా స్టార్ ఉంది. రోడ్డవతల ఫొటోలు తీసుకున్నది వాళ్లు. సీరియల్ నంబర్లు అడిగింది వాళ్లు. ఎవరికీ చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నదీ వాళ్లే.

"నడుము పోయిందన్నా," అన్నాడు. "ఇంకొక సమ్మర్ అటిక్‌లల్ల పాకుడు నాతోని కాదు. డాక్టర్ కూడ అన్నడు. నీకు చెప్దామంటే ఎన్డీఏ కాగితం మీద సంతకం పెట్టిన. చెప్పొద్దంటరు. చెప్పకుండ నీ మొహం చూసుడు కష్టమైతున్నది."

"ఫిఫ్టీ ఫిఫ్టీ అన్నారు."

"అన్న."

"బోర్డు మీద ఇద్దరి పేర్లన్నారు."

"అన్న. అప్పుడు అబద్ధం చెప్పలేదు. వాళ్లతోని నీ గురించి మాట్లాడిన. నిన్ను తీసుకుంటరు. యూనిఫాం, బెనిఫిట్స్, అన్నీ..."

"షర్టు మీద పేరు కుట్టిస్తారా?"

"కుట్టిస్తరు."

"వాళ్లు సరిగ్గా పలకలేని పేరు."

ఆయన బంపర్ మీది కప్పు చేతిలోకి తీసుకున్నాడు. రోడ్డు మీద ఒక తెల్ల కారు నెమ్మదిగా మలుపు తిరుగుతోంది. ఆయన దాని వంక చూసి, మళ్లీ నా వంక చూశాడు. ఇంకో నిమిషంలో వాళ్లు గుమ్మంలో ఉంటారు. నాకు మా ఆవిడ మాట గుర్తొచ్చింది. వెన్ను నిటారుగానే ఉంచుకుని అడిగాను.

"మీ దగ్గర నేను పనిచేసిన కాలానికి సంతకం పెడతారా? లైసెన్సు మీ పేరున ఉండగానే. ఈ రోజే."

"ఆళ్లు ఇంట్లకు రాకముందే పెడ్త," అని లోపలికి నడిచాడు. నిజంగానే పెట్టాడు. వంటింటి గట్టు మీద, ఆయన భార్య ఇచ్చిన పెన్నుతో. పెడుతున్నంతసేపూ నేను ఆ చెయ్యి వంకే చూస్తూ నిలబడ్డాను. ఆ చెయ్యి సంతకం మధ్యలో ఒకసారి ఆగి మళ్లీ కదిలింది. నడుము నొప్పి వల్లో మరి దేనివల్లో నాకు తెలియదు. బాధ అని ఆయన భార్య తర్వాత మా ఆవిడతో చెప్పిందట. అయి ఉండొచ్చు.

బయటికొచ్చి టవల్ మీదవన్నీ సంచిలో సర్దుకున్నాను. కాలర్ టీషర్టులవాళ్లలో ఒకడు దగ్గరికొచ్చి, ఈ పనిముట్లు కూడా కంపెనీవేనా అని మర్యాదగానే అడిగాడు. ఆకుపచ్చ టేపు చూపించి, నావి అన్నాను. వాడు తల ఊపి పక్కకు జరిగాడు. కంట్రాక్టర్ వాకిట్లో నిలబడి "ఆ, గవి దొరవి," అన్నాడు తెలుగులో, వాళ్లకు అర్థం కాకుండా. వెక్కిరింతో కాదో ఆ ఒక్కసారి తేల్చుకోలేకపోయాను.

వాళ్ల దగ్గర చేరలేదు. ఈ చలికాలంలో పరీక్ష రాస్తున్నాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నానికి రెండు వ్యాన్లు, నిచ్చెనలు, గేజీలు, పంపులు, ఫోన్ నంబరు, కస్టమర్ల పేర్లు, బోర్డు మీద ఆయన పేరుతో సహా కంపెనీ అమ్ముడుపోయింది.